నాయకత్వం: సాధారణం

శేషాచలం మాస్టారు తన ఇంటికొచ్చి, తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తనిచ్చిన టీ చివరి గుక్కదాకా తాగిన సాయంత్రమే ఎలీసమ్మకి అనుమానం పుట్టింది.

ఆయన చెడ్డవాడని కాదు. ఊళ్ళో హైస్కూలుకి హెడ్మాస్టరుగా వచ్చి ఆరేళ్ళయింది. పిల్లల మీద చెయ్యెత్తిన పాపాన పోలేదు. మధ్యాహ్న భోజనంలో గుడ్లు బాగాలేకపోతే వంటమనిషిని కాదు, గుడ్లు పంపినవాణ్ణి పిలిచి నిలదీసిన మనిషి. కానీ ఈ ఆరేళ్ళలో ఆయన స్కూటరు ఊరవతల దళితుల పాలెంలోకి తిరగడం ఇదే మొదటిసారి. పనుంటే కబురంపేవాడు, ఎలీసమ్మే వెళ్ళేది. కబురంపితే వచ్చే మనిషి దగ్గరికి తనే వెతుక్కుంటూ వచ్చాడంటే ఇందులో ఏదో తిరకాసుందని ఆమె అనుకుంది. పైగా టీ అమృతంలా ఉందన్నాడు. ఆ టీలో పంచదార వెయ్యడం మరిచిపోయిన సంగతి ఆయన వెళ్ళాక గాని బయటపడలేదు.

ఎలీసమ్మ మిరపకోతల ముఠాకి మేస్త్రి. నలభైమంది ఆడవాళ్ళు ఆమె మాట మీద చేలో దిగుతారు, ఆమె మాట మీద గట్టెక్కుతారు. సత్తెనపల్లి చుట్టుపక్కల ఏ రైతు పిలిచినా ముందు తనొక్కతే వెళ్ళి, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా నడిచి చూసి వస్తుంది. కాయ ఎంత పండింది, రంగు పోయి తెల్లబడిన తాలుకాయ ఎంత పడింది, తాగడానికి నీళ్ళున్నాయా, కూర్చోడానికి నీడుందా, అన్నీ చూస్తుంది. చూడకుండా సరేననడం ఆమె ఇంటావంటా లేదు. అలాంటి మనిషిని ఏరికోరి బడి తల్లిదండ్రుల కమిటీకి చైర్‌పర్సన్ని చేసుకున్నారు. రెండేళ్ళ క్రితం ఆ కుర్చీ రిజర్వేషన్లో పాలెం ఆడవాళ్ళకి వస్తుందని తేలినప్పుడు, ఈవిడ ఎలాగూ బయటనుంచి అరుస్తూనే ఉంటుంది, లోపల కూర్చుని అరవనీ అని అందరూ కలిసి చేతులెత్తారు. ఎలీసమ్మ కూతురూ అల్లుడూ గుంటూరులో కోల్డ్ స్టోరేజీ పనిలో ఉన్నారు. మనవరాలు ఆరాధన అమ్మమ్మ దగ్గరే ఉండి, ఆ బడిలోనే తొమ్మిదో తరగతి చదువుతోంది.

"కొత్త చట్టం రాబోతోంది ఎలీసమ్మ గారూ," అన్నాడు మాస్టారు గ్లాసు కింద పెట్టి. "ప్రస్తుతానికి బిల్లే. అసెంబ్లీలో పెట్టేముందు జనం ఏమంటారో అడుగుతున్నారు. ప్రతి బడి కమిటీ తీర్మానం చేసి పంపాలి. ప్రభుత్వ బడుల లక్ష్యం మార్కులొక్కటే కాదు, ఆరోగ్యం, ఆటలు, పాటలు, చేతిపని, నాయకత్వం, వినయం, ఇవన్నీ చదువేనని మొదటిసారి చట్టంలో రాస్తున్నారు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో నేను ఎదురుచూసింది దీనికోసమే."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నిజమే. అయినా ఎలీసమ్మ కరగలేదు.

"మరి మార్కులు, సార్?"

"ఉంటాయమ్మా. సగం ఉంటాయి."

"సగమా? తక్కిన సగం ఏమైపోద్ది?"

"ఎక్కడికీ పోదు. బడిలోనే మాస్టర్లు వేస్తారు. మన బడిలో ఈ ఏడు ప్రయోగంగా పచ్చకార్డు ఇచ్చాం చూడండి, అట్లాగన్నమాట. పిల్లలో ఏ గుణం ఎంతుందో చూసి, ఉత్తమం, మంచి, సాధారణం అని రాస్తారు."

"ఎప్పట్నించి?"

"వచ్చే ఏడు పదో తరగతి నించి."

ఎలీసమ్మ గుమ్మంలో కూర్చుని పుస్తకం చదువుకుంటున్న మనవరాలి వైపు చూసింది. వచ్చే ఏడు పదో తరగతి అంటే ఆరాధనే.

మాస్టారు నాలుగు కాగితాలు ఆమె చేతిలో పెట్టి లేచాడు. "సోమవారం సాయంత్రం మీటింగు. తీర్మానం రాయించి ఉంచుతాను. మీరు సంతకం పెడితే చాలు."

సంతకం పెడితే చాలు అన్నమాట ఎలీసమ్మకి గుచ్చుకుంది. చాలో చాలదో చెప్పాల్సింది సంతకం పెట్టేవాళ్ళు కదా.

ఆమె భయం ఏమిటో దాచుకోవలసినంత పెద్ద రహస్యమేమీ కాదు. పదో తరగతిలో మార్కులు బాగా వస్తే ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుంది. ఆరేళ్ళు అక్కడే తిండి, అక్కడే పడక, చివరికి ఇంజనీరు. కిందటేడు పాలెం నుంచి యేసుపాదం కూతురు వెళ్ళింది. ఆరాధనకి అరసంవత్సరం పరీక్షల్లో ఆరువందలకి అయిదువందల అరవై ఒకటి వచ్చాయి. ఆ మార్కులు ఇచ్చినవాళ్ళెవరికీ ఎలీసమ్మ దణ్ణం పెట్టనక్కర్లేదు, ఎవరింటి ముందూ నిలబడనక్కర్లేదు. పదో తరగతి పేపరు ఎక్కడో వేరే ఊరు వెళ్తుంది. దాని మీద పేరుండదు, నెంబరుంటుంది. దిద్దేవాడికి అది ఎవరి పిల్లో, ఏ వీధిలో ఉంటుందో తెలియదు. ఎలీసమ్మకి ఈ లోకంలో నమ్మకమున్న కొద్ది సంగతుల్లో ఆ నెంబరు ఒకటి. ఇప్పుడు అందులో సగం తీసుకెళ్ళి పేరు తెలిసినవాళ్ళ చేతుల్లో పెడతామంటున్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. నలభై అయిదేళ్ళ కిందట తను అయిదో తరగతిలో ఉండగా పత్తి విత్తనాల చేలో పనికి పిల్లల్ని తోలుకెళ్ళారు. ఒక పూవు పుప్పొడి ఇంకో పూవుకి అద్దాలి, దానికి చిన్న వేళ్ళే కావాలి. బడిలో అప్పటి మాస్టారు కూడా చాలా మంచివాడు. పని కూడా చదువేనమ్మా, రెండు నెలలేగా, వెళ్ళిరా అని తల నిమిరి పంపించాడు. ఆ రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు.

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. ఊళ్ళో పెద్ద రైతు శ్రీరామ్ కల్లంలో ముఠా అంతా కుప్పల చుట్టూ చేరి తాలు ఏరుతున్నారు. అన్నం క్యారేజీ తెచ్చిన ఆరాధనని ఎలీసమ్మ కదలనివ్వలేదు.

"కూకో. ఆ కాగితాలు చదువు. ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు."

ఎలీసమ్మకి చదవడం రాక కాదు. చర్చిలో బైబిలు కూడబలుక్కుని చదువుతుంది. దేవుడి మాట ఒక్కటన్నా అర్థమవుతుంది గాని, సర్కారు మాట వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయేలా ఉంటుంది. ఆరాధన చదువుతోంటే ఆడవాళ్ళ చేతులు కాయల మీద, చెవులు కాగితం మీద ఉన్నాయి. ఆటలన్నప్పుడు బాగుందన్నారు. పాటలన్నప్పుడు ఇంకా బాగుందన్నారు. స్థానిక వృత్తులలో పని అనుభవం అన్న దగ్గర మాత్రం ఎవరూ బాగుందనలేదు.

"స్థానిక వృత్తంటే ఏందే?" అంది హయాత్‌బీ. ఆమెది ఊళ్ళో మసీదు వీధి, ముఠాలో ఆమె నోటికి ఎలీసమ్మ కూడా జంకుతుంది. "ఇదేనా? మిరపకాయలేనా? ఎప్పుడంట, కోతలప్పుడేనా?"

అందరూ నవ్వారు గాని ఆ నవ్వులో పస లేదు. అప్పుడే బైకు దిగిన శ్రీరామ్ సంగతేమిటని అడిగి తెలుసుకుని, "మంచి బిల్లే ఎలీసమ్మా," అన్నాడు. "పిల్లలకి కాస్త పని తెలవాలి. ఈ రోజుల్లో పుస్తకం తప్ప ఏం తెలుసు వాళ్ళకి?"

"మీ అబ్బాయి సాయికౌశిక్ బడిక్కూడా వస్తదా బాబూ ఈ చట్టం?"

"వాడిది ప్రైవేటు కదా. దానికి వేరే ఉంటాయి."

"ఓహో," అంది ఎలీసమ్మ. ఆ ఓహో అర్థమై శ్రీరామ్ టార్పాలిన్ పట్టా సరిచేసే వంకతో అవతలికి వెళ్ళిపోయాడు.

ఆరాధనకి మాత్రం అమ్మమ్మ తీరు నచ్చలేదు. "నువ్వు అన్నిట్లో తప్పులే ఎతుకుతావు. నాకు నచ్చింది ఇది. ఖోఖో ఆడితే దానిక్కూడా మార్కులిస్తారంట. ఇన్నేళ్ళూ ఎంత ఆడినా ఎవురడిగారు? నువ్వు కూడా అడగలా. పొద్దున లేస్తే చదువు, చదువు, చదువు."

ఎలీసమ్మకి కోపం వచ్చింది, ఆ వెంటనే కొంచెం సిగ్గు కూడా వేసింది. పిల్ల చెప్పింది నిజం. బడిలో ఆడపిల్లల ఖోఖో జట్టుకి ఆరాధన కెప్టెన్. మండల పోటీలకి పన్నెండుమందిని వెంటబెట్టుకుని వెళ్ళి గెలిచి వచ్చింది. ఆ రోజు ఎలీసమ్మ మొదట అడిగింది లెక్కల పరీక్ష ఎప్పుడని.

"సరే. ఆటకి ఎంతిచ్చారో ఆ పచ్చకార్డులో? చదువు."

ఆరాధన తటపటాయించింది. కార్డు సంచీలోనే ఉంది. ఇంట్లో చూపించకుండా తనే అమ్మమ్మ సంతకం పెట్టేసుకున్న కార్డు అది. ఆ తిట్లు తరవాత తినొచ్చులే అన్నట్టు తీసి చదివింది. ఆటలు, మంచి. చేతిపని, ఉత్తమం. వినయం, ఉత్తమం. నాయకత్వం, సాధారణం.

"సాధారణం అంటే?"

"మామూలుగా ఉందని."

"జట్టుకి పెద్ద నువ్వే గదంటే?"

ఆరాధన కార్డు మళ్ళీ సంచీలో దోపేసింది. హయాత్‌బీ అందుకుంది. "మా సుభానీదీ అంతే. చేతిపనేమో ఉత్తమం, నాయకత్వం సాధారణం. ఇంట్లో గ్లాసు తీసి అవతల పెట్టని ఎదవకి చేతిపని ఉత్తమం ఏందా అని నవ్వుకున్నా." పక్కన కూర్చున్న ఇంకో ఆమె తన కూతురిదీ అదేనంది. ఆ పక్కామె కూడా అదే అంది.

ఎలీసమ్మ చేతులు కాయల్లో ఆగిపోయాయి. కుప్పలో ఒక తాలుకాయ కనబడితే తీసి అవతల పడేస్తుంది, అంతే. గుప్పిట్లోకి తీసిన ప్రతిసారీ తాలు వస్తుంటే మాత్రం ఏరడం మానేసి లేచి నిలబడుతుంది, కుప్ప మొత్తం చూడందే మళ్ళీ కూర్చోదు. ఇప్పుడూ అలాగే లేచి నిలబడింది.

"సోమారం మీటింగుకి అందరూ రావాలి," అంది. "ఏ ఒక్కతన్నా చేతిలో పనుందంటే ఊరుకోను."

ఆ రెండు రోజులూ ఆమె మనసు కుదుటగా లేదు. కార్డు కింద శేషాచలం మాస్టారి సంతకం ఉంది. తియ్యగా మాట్లాడి, పంచదార లేని టీ తాగిన చేత్తోనే ఇది రాశాడని ఆమెకి ఖాయమైపోయింది. ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆదివారం చర్చిలో పాట పాడుతూ కూడా ఆయనతో పోట్లాడుతూనే ఉంది. ఒకటి రెండుసార్లు ఆరాధన ఏదో చెప్పబోయింది గాని, ఎలీసమ్మ వినే స్థితిలో లేదు.

సోమవారం నాలుగింటికి తొమ్మిదో తరగతి గదిలో మీటింగు. ఒకవైపు ఊరివాళ్ళు, ఇంకోవైపు పాలెంవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే అలా కూర్చున్నారు, ఎప్పుడూ అలాగే కూర్చుంటారు. శ్రీరామ్ బడికి రెండు ఫ్యాన్లిచ్చి దాత హోదాలో కమిటీలోకి వచ్చాడు, ఏ మీటింగుకి వచ్చినా ఆ ఫ్యాన్ల కిందే కూర్చుంటాడు. బల్ల దగ్గర శేషాచలం మాస్టారు, ఆయన పక్కన మినిట్స్ పుస్తకంతో ప్రసన్నకుమార్. ప్రసన్నకుమార్ సోషల్ మాస్టారు. ఎలీసమ్మ చెల్లెలి కొడుకు. పాలెం నుంచి మాస్టారైన మొదటివాడు. మిగతా మాస్టర్లు తమ పిల్లల్ని ప్రైవేటు బస్సులెక్కిస్తుంటే, కూతురు స్తుతిని తను చెప్పే బడిలోనే చేర్పించిన వాడు. పాలెంలో అతని మాటంటే అందరికీ గౌరవం, ఎలీసమ్మకైతే గర్వం కూడా.

మాస్టారు తీర్మానం చదివాడు. సదరు బిల్లును కమిటీ ఏకగ్రీవంగా హర్షిస్తూ, సంపూర్ణంగా బలపరుస్తూ అని ఉంది. చదివి పుస్తకం ఎలీసమ్మ ముందుకి జరిపాడు. ఆమె దాన్ని మళ్ళీ ఆయన ముందుకే జరిపింది.

"ముందు కార్డులు చూద్దాం సార్. ఈ క్లాసువి, అందరియ్యీ. ఇళ్ళకి పంపినవి కాక ఆఫీసులో ఇంకో కాపీ ఉంటదంటగా, అయ్యి తెప్పించండి."

"అవి పిల్లల సొంత సంగతులమ్మా. అందరి ముందూ చదవడం..."

"పేర్లు చదవం. నాయకత్వం అన్నకాడ ఏముందో అదొక్కటే చదువుద్ది మా పిల్ల."

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి బీరువా తాళం ఇచ్చి పంపాడు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి ఎలీసమ్మకి అనుమానం ఇంకొంచెం పెరిగింది. కుర్చీలోంచి దిగి నేల మీద చతికిలపడింది. ముప్పై ఆరు కార్డులు. ఆరాధన ఒక్కోటీ తీసి పేరు మీద బొటనవేలు పెట్టి ఒక్క మాట చదవడం, ఎలీసమ్మ అందుకుని కుప్ప వెయ్యడం. ఉత్తమం ఒక కుప్ప. మంచి ఒక కుప్ప. సాధారణం ఒక కుప్ప. ఆమె చేతులు ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే చేస్తున్నాయి, కాయకి బదులు కాగితం, అంతే తేడా.

"ఇప్పుడు ఎవుళ్ళ పిల్లలది వాళ్ళొచ్చి తీసుకోండి," అంది.

అలా అడుగుతుందని ఎవరూ అనుకోలేదు. ముందు ఊరివాళ్ళు లేచారు. ఉత్తమం కుప్ప దగ్గర గుమిగూడారు. పదమూడు కార్డులు, పదమూడూ ఊరివాళ్ళవే. తరవాత మంచి కుప్ప. తొమ్మిదిలో ఏడు ఊరివాళ్ళు తీసుకున్నారు, రెండు పాలెంవాళ్ళవి. చివరి కుప్ప దగ్గరికి పాలెం ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు. రానివాళ్ళ పిల్లలవి పక్కింటివాళ్ళు తీసుకున్నారు. ఊరివైపు నుంచి ఆ కుప్ప దగ్గరికొచ్చిన మనిషి హయాత్‌బీ ఒక్కతే. అటు కూర్చున్న ఒకాయన తన కార్డు తీసుకుని వెనక్కి వెళ్తూ ఆ వరస చూసి ఆగిపోయాడు. మొహం పక్కకి తిప్పుకుని, కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పండమ్మా," అంది ఎలీసమ్మ. "మీ చేతుల్లో ఉన్నయ్యిట్లో చేతిపని ఉత్తమం ఎంతమందికి?"

ఆ కుప్ప తీసుకున్న ప్రతి ఒక్కరూ చెయ్యెత్తారు.

"అది అనుకోకుండా అట్టా జరిగుంటదిలే," అన్నాడు శ్రీరామ్. ఎవరూ ఆయన వైపు తిరగలేదు.

శేషాచలం మాస్టారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎలీసమ్మ రెండు రోజులుగా దాచిపెట్టుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. అవి అనబోతూ నేల మీదకి చూసింది. కుప్పలో ఇంకో కార్డు మిగిలి ఉంది. ఒక్కటే.

"ఇదెవురిది? ఎవురూ తీసుకోలా?"

ఆరాధన తల వంచుకుంది. బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది. ప్రసన్నకుమార్ లేచి, మినిట్స్ పుస్తకం పక్కన పెట్టి, రెండు వరసల మధ్య నుంచి నడిచి వచ్చాడు. మీటింగుల్లో ఎలీసమ్మని చైర్‌పర్సన్ గారూ అని తప్ప పిలవడు.

"అది నాది పెద్దమ్మా," అన్నాడు. "స్తుతిది."

ఎలీసమ్మకి ముందు పాపం అనిపించింది. తన చెల్లెలి కొడుకు, మాస్టారై ఉండి కూడా, ఈ కుప్ప దగ్గరికి రావలసి వచ్చింది. శేషాచలం వైపు తిరిగింది. "చూశారా సార్. మీ పక్క కుర్చీలో కూకున్నోడి బిడ్డ కూడా ఈ కుప్పలోనే. ఎట్టా రాశారు సార్ ఇది? ఏ చేత్తో రాశారు?"

"బాధ్యత నాదే ఎలీసమ్మ గారూ. సంతకం నాది," అన్నాడాయన.

"కాదు," అన్నాడు ప్రసన్నకుమార్. "సార్ సంతకం పెట్టారంతే. రాసింది నేను. ఈ క్లాసువి అన్నీ నేనే రాశాను పెద్దమ్మా. స్తుతిది కూడా."

ఆరాధన రెండు రోజులుగా చెప్పబోయింది ఇదేనని ఎలీసమ్మకి అప్పటికి తెలిసింది. ఆమె కూడగట్టుకున్న కోపమంతా ఎటు పోవాలో తెలియక అక్కడే నిలిచిపోయింది. తన మనిషి. తను ఎత్తుకుని తిప్పినవాడు. ఆమెకి భయం వేసింది, నిజంగా భయం వేసింది.

"ఎందుకురా?"

"ఏమో పెద్దమ్మా. క్లాసులో ఎవరు చెయ్యెత్తుతారో, ఎవరు ముందుకొచ్చి మాట్లాడతారో చూసి వేశాననుకున్నా. మన పిల్లలు వెనక కూర్చుంటారు. బల్లలు మొయ్యమంటే లేస్తారు, స్టేజీ ఎక్కమంటే లేవరు. స్తుతి క్లాసులో నోరు తెరవదు."

"ఇంట్లో?"

"ఇంట్లో నోరు ముయ్యదు."

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే ఆపేసుకున్నారు.

"నువ్వు డీఎస్సీ రాసినప్పుడు," అంది ఎలీసమ్మ మెల్లగా, "నీ పేపరు దిద్దినోడికి నువ్వు ఎవురివో తెలుసా?"

"తెలీదు."

"తెలిసుంటే నీకేం రాసేవోడు?"

ప్రసన్నకుమార్ వంగి కార్డు తీసుకుని, సాధారణం అన్న మాట మీద బొటనవేలు పెట్టాడు.

"కావాలని రాసుంటే ఈపాటికి నీ చొక్కా పట్టుకునేదాన్నిరా. సారు రాసున్నా పట్టుకునేదాన్ని, అందుకే వచ్చా. నువ్వేమో తెలీకుండా రాశావు. కన్నబిడ్డకి కూడా తెలీకుండానే రాశావు. ఇప్పుడు నేను ఎవురి చొక్కా పట్టుకోవాలి?"

శేషాచలం మాస్టారు బల్ల మీది పుస్తకం దగ్గరికి లాక్కుని, తను రాయించుకొచ్చిన తీర్మానం మీద అడ్డంగా గీత కొట్టాడు. "నేను చదవకుండానే ముప్పై ఆరింటి మీదా సంతకం పెట్టాను," అన్నాడు. "చెప్పండి ఎలీసమ్మ గారూ. మీరు చెప్పింది రాస్తాను."

ఆమె చెప్పింది. ఆటలు కావాలి, పాటలు కావాలి, మా పిల్ల ఖోఖో కూడా లెక్కలోకి రావాలి. కానీ దాన్ని చూసి మార్కు వేసేవాళ్ళు వేరే ఊరివాళ్ళై ఉండాలి, పిల్ల ఎవరో వాళ్ళకి తెలియకూడదు. అలా చెయ్యడం చాతనయ్యేదాకా పదో తరగతి మార్కుల్లో ఒక్కటి కూడా ముట్టుకోవద్దు. పనిలోకి పిల్లల్ని పంపితే అన్ని బడుల పిల్లల్నీ పంపాలి, లేకపోతే ఎవర్నీ పంపొద్దు. ఆ చివరి వాక్యం దగ్గర శ్రీరామ్ ఏదో అనబోయి, చుట్టూ చూసి, ఊరుకున్నాడు. మాస్టారు అక్షరం పొల్లుపోకుండా రాశాడు. ఎలీసమ్మ ఆరాధన చేత రెండుసార్లు చదివించుకుని, ఏకగ్రీవంగా అన్న మాట ఎక్కడా లేదని చూసుకుని, అప్పుడు సంతకం పెట్టింది.

ఆమె తల ఎత్తేసరికి ప్రసన్నకుమార్ కిటికీ గట్టు మీద కూతురి కార్డు పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీస్తున్నాడు.

"ఏం చేస్తన్నావు?"

"దిద్దుతున్నా పెద్దమ్మా. ఇదొక్కటే కాదు, అందరివీ దిద్దుతా."

"దిద్దమాక." ఆమె లేచి వెళ్ళి అతని మణికట్టు పట్టుకుంది. "ఇప్పుడు నీకు తెలిసింది గాబట్టి దిద్దుతున్నావు. రేపు అసెంబ్లీలో కూకునేవోళ్ళకి ఇంకా తెలవదు. ఈ కార్డులన్నీ మళ్ళీ పోగేసి, తీర్మానంతో పాటు అట్టాగే పంపాలి. ఎట్టా రాశావో అట్టాగే."

"దీని మీద స్తుతి పేరుంది పెద్దమ్మా." రెండో చేత్తో ఆ పేరు కప్పాడు. "వాళ్ళ నాన్నే రాశాడని..."

"పేరు కొట్టెయ్. నెంబరు వెయ్."

ప్రసన్నకుమార్ పెన్ను మూత తీశాడు. తరవాత కూతురి పేరు మీద గీత గీసి, ఆ పక్కన ఆఖరి నెంబరు, ముప్పై ఆరు అని వేశాడు.